మాల్టా సముద్రం అడుగు చూడాలంటే ముందు నిజం చెప్పాలి

మా తమ్ముడు నాలుగేళ్ళుగా మాల్టాలో ఉంటున్నాడు. ఒక హోటల్ వంటింట్లో పని. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "అన్నా, నాయినను తీసుకొని ఒక్కసారి రారాదూ. ఈడ సముద్రం లోపల ఎట్లుంటదో చూపిస్త." లోపల అంటే పడవలో తిప్పుతాడేమో అనుకున్నాం. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని, నీటి అడుక్కి దిగి, చేపల మధ్య తిరిగి రావడమని తర్వాత తెలిసింది. దాన్నే స్కూబా డైవింగ్ అంటారు. వాడు అక్కడికి పోయాక సెలవు రోజుల్లో నేర్చుకున్నాడట.

సోలాపూర్ వాళ్ళం. మనకు నీళ్ళంటే సిద్ధేశ్వర్ చెరువు, లేకపోతే మునిసిపాలిటీ నల్లా. అయినా రెండేళ్ళు భిషీ కట్టి, తమ్ముడు కొంత పంపితే, పోయిన సెప్టెంబరులో నేనూ, మా ఇంటామె, నాయినా ముగ్గురం పదకొండు రోజులకు పోయి వచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి పేటలో ప్రశ్నలే. ఎంత ఖర్చయింది? వీసా ఎట్లా? ఈత రానోళ్ళు పోవచ్చా? మన పిల్లలు కూడా ఇప్పుడు యూరప్ దేశాల్లో పనులకు పోతున్నారు, వాళ్ళ దగ్గరికి పోయే తల్లిదండ్రులూ ఉన్నారు. ఒక్కొక్కరికి చెప్పే కంటే మన పత్రికలో రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. ఇంకో కారణం కూడా ఉంది. నాయిన విషయంలో మేము ఒక తప్పు చేశాం. అది మీరు చేయకూడదు.

ఎక్కడుంది మాల్టా

ఇటలీ కింద సిసిలీ ద్వీపం ఉంది కదా, దానికి దక్షిణంగా 90 కిలోమీటర్ల చిల్లర దూరంలో మధ్యధరా సముద్రంలో ఉంది మాల్టా. మాల్టా, గోజో, కొమినో అని మూడు ద్వీపాలు. అన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లే, మన తాలూకా అంత కూడా లేదు. జనం అయిదు లక్షల పైన. 1964లో ఇంగ్లీషువాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2008 నుంచి యూరో డబ్బు నడుస్తోంది. ఇంగ్లీషు అందరికీ వచ్చు. వాళ్ళ సొంత భాష మాల్టీస్‌లో అరబ్బీ మాటలు చాలా ఉన్నాయి. ప్రపంచాన్ని వాళ్ళు 'దిన్యా' అంటారని విని నాయిన "ఇదేందిరా, మన దునియానే గదా" అని నవ్వాడు.

మనవాళ్ళకు నచ్చే సంగతి ఇంకొకటి. 18వ శతాబ్దంలో ఆ దేశపు ముఖ్యమైన ఎగుమతి పత్తి నూలు. పొలాల్లో పత్తి, ఇళ్ళల్లో ఆడవాళ్ళు వడికే నూలు, అక్కడి నుంచి ఓడల మీద స్పెయిన్‌కు. ఇప్పుడు ఆ పత్తీ లేదు, ఆ నూలూ లేదు. ఓడరేవు, పర్యాటకులు, హోటళ్ళు మిగిలాయి.

డైవింగ్‌కు ఆ చోటే ఎందుకంటే నీళ్ళు తేట. అక్కడ నదులు లేవు, కాబట్టి బురద కొట్టుకొచ్చి కలవదు. నేల అంతా సున్నపురాయి. ఎండ బాగుంటే నీటిలో ఇరవై ముప్పై మీటర్ల దూరం దాకా కనిపిస్తుంది. ఆటుపోట్లు కూడా లేనట్టే. కొత్తవాళ్ళకు ఇవన్నీ కలిసొచ్చే గుణాలు.

కాగితాల పని

మాల్టాకు షెంగెన్ వీసా కావాలి. పెద్దవాళ్ళకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకు లేదు. యూరోకు వంద రూపాయలనుకుని లెక్కేసుకోండి, సులువుగా ఉంటుంది. వీసా కేంద్రం వాళ్ళ సర్వీసు చార్జీ అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వొచ్చు. పదిహేను రోజుల కంటే తక్కువ వ్యవధి పెట్టుకోకూడదు. మేము రెండు నెలల ముందు ముంబైలో ఇచ్చాం. వేలిముద్రలకు మనిషి స్వయంగా పోవాలి.

పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి. అక్కడి నుంచి తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి. ఇంకా బ్యాంకు స్టేట్‌మెంటు, పనిచేసే చోట సెలవు చీటీ, పోను రాను టికెట్టు బుకింగ్, ఉండే చోటికి రుజువు. హోటల్ అయితే హోటల్ బుకింగ్, బంధువు ఇంట్లో అయితే వాళ్ళు నింపిచ్చే ఆహ్వాన పత్రం, వాళ్ళ అక్కడి కార్డు నకలు. 30,000 యూరోలకు తక్కువ కాని ప్రయాణ బీమా తప్పనిసరి.

మనవాళ్ళకు తగిలే చిక్కు ఇంటిపేరు. తెలుగు ఇంటిపేరును మరాఠీ బడిలో ఒకలా రాస్తారు, రేషన్ కార్డులో ఒకలా, బ్యాంకులో ఇంకోలా. నాయినకు ఆధార్‌లో ఒక అక్షరం, పాస్‌పోర్టులో ఒక అక్షరం. సరిచేయించడానికే నెలన్నర పోయింది. కాబట్టి టికెట్టు కంటే ముందు అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టి పేరు చూసుకోండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "టూరిస్టు వీసా మీద పో, అక్కడ పని దొరుకుతది" అనే ఏజెంట్లు మన గల్లీల్లో తిరుగుతున్నారు. టూరిస్టు వీసా మీద పని చేయడం నేరం. పట్టుకుంటే వెనక్కి పంపుతారు, మళ్ళీ వీసా దొరకడం కష్టమవుతుంది. వీసా గ్యారంటీ అనే మాట కూడా నమ్మకండి. ఇచ్చేది ఆ దేశం, ఏజెంటు కాదు.

మా ముగ్గురికీ కలిపి రెండు లక్షల అరవై వేల చిల్లర అయింది. అందులో ఎక్కువ భాగం విమానానిదే. మన దేశం నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగానో, ఇస్తాంబుల్ మీదుగానో మారి పోవాలి. తమ్ముడి గదిలో ఉన్నాం కాబట్టి ఇంత. హోటల్‌లో ఉంటే ఇంకా పైన.

ఏ నెలలో, ఏం పెట్టుకుని

జూన్ నుంచి అక్టోబరు దాకా డైవింగ్‌కు మంచి కాలం. ఆగస్టులో నీళ్ళు 26, 27 డిగ్రీలు ఉంటాయి కానీ జనం విపరీతం, గదుల ధర కూడా అంతే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి, రద్దీ తగ్గుతుంది. ఫిబ్రవరి, మార్చిలో నీళ్ళు 15 డిగ్రీలకు పడతాయి, మనవాళ్ళు తట్టుకోలేరు.

అక్కడ గాలిని బట్టే రోజు నడుస్తుంది. వాయవ్యం నుంచి వీచే గాలి ఎక్కువ. అది గట్టిగా ఉంటే ఆ వైపు తీరంలో దిగరు, రెండో వైపుకి తీసుకుపోతారు. "డబ్బులు కట్టినం, ఈడనే దింపు" అని పట్టుబట్టకండి. సముద్రం మీద వాళ్ళ మాటే మాట.

డైవింగ్ సామాను అంతా అద్దెకు దొరుకుతుంది. ఇక్కడి నుంచి మోయాల్సిన పని లేదు. కళ్ళద్దాల వాళ్ళు నంబరు ఉన్న మాస్క్ దొరుకుతుందా అని ముందే అడగండి. మీసాలు గుబురుగా ఉంటే మాస్క్ లోపలికి నీళ్ళు కారుతాయి. నేను మొదటిరోజు మూడుసార్లు పైకి వచ్చి, రెండో రోజు పైవరస కత్తిరించుకున్నా. టవల్ మాత్రం మనదే తీసుకపోండి. సోలాపూర్ నుంచి పోయి అక్కడ టవల్ కొనడమేంది!

ఆడవాళ్ళు బట్టల సంగతి చూసి వెనకాడతారు. భయం లేదు. మెడ నుంచి చీలమండ దాకా కప్పే రబ్బరు సూటు ఇస్తారు. నగలు తీసేయాలి, దేనికైనా చిక్కుకుంటాయి. మా ఇంటామె పుస్తెలతాడు తీయనంటే, సూటు లోపలికి నెట్టి జిప్పు వేయించారు. గర్భిణులు మాత్రం ఎట్టి పరిస్థితిలో దిగకూడదు.

తిండికి మన కడక్ భాకరి, శేంగా చట్నీ తీసుకపోయాం. పదకొండు రోజులూ పాడవలేదు. కానీ పాలతో చేసినవీ, మాంసమూ యూరప్‌లోకి రానివ్వరు. పేడాలు, నెయ్యి, ఎండు మాంసం పెట్టుకోకండి. మామిడిపండ్లూ వద్దు.

అక్కడ తిరగడం

బండ్లు మన లాగే ఎడమ వైపు నడుస్తాయి. కరెంటు కూడా మన లాగే 230 వోల్టులు, కానీ ప్లగ్గు ఇంగ్లీషువాళ్ళ చదరపు మూడు పిన్నులది. అడాప్టర్ ఒకటి పెట్టుకోండి. బస్సు టికెట్టు రెండు, రెండున్నర యూరోలు. ఒకసారి తీసుకుంటే రెండు గంటల దాకా బస్సు మారినా చెల్లుతుంది. రాజధాని వల్లెట్టా కోట గుమ్మం దగ్గరే పెద్ద బస్టాండు, అన్ని ఊళ్ళకూ అక్కడి నుంచే.

గోజో ద్వీపానికి చిర్కేవ్వా రేవు నుంచి పెద్ద పడవ పోతుంది. పాతిక నిమిషాల దారి. పోయేటప్పుడు టికెట్టు అడగరు, తిరిగి వచ్చేటప్పుడే తీసుకుంటారు. "మళ్ళ రానోళ్ళ దగ్గర ఎట్ల వసూలు చేస్తరు?" అని నాయిన పడవ దిగేదాకా అడుగుతూనే ఉన్నాడు.

పస్తిజ్జీ అని పొరలు పొరలుగా కాల్చిన కజ్జికాయ లాంటిది వీధి దుకాణాల్లో దొరుకుతుంది. బఠాణీ పెట్టినది కూడా ఉంటుంది. అక్కడ తిండిలో చవకైనది అదే.

ఈత రాకపోతే?

ఇందులో మెట్లున్నాయి. మొదటిది ఒక్కపూట దిగి చూడటం. ముందు గంటసేపు చెప్తారు, తర్వాత లోతు తక్కువ నీళ్ళలో అలవాటు చేస్తారు, ఆ తర్వాత నేర్పేవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకపోతారు. 12 మీటర్ల కంటే లోతుకి పోరు. అరవై నుంచి తొంభై యూరోలు అవుతుంది. దీనికి గొప్ప ఈత అక్కర్లేదు, నీళ్ళంటే బెదురు లేకపోతే చాలు.

రెండోది ఓపెన్ వాటర్ అనే కోర్సు. మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. పాసైతే 18 మీటర్ల దాకా దిగొచ్చు. దాని పైది అడ్వాన్స్‌డ్, 30 మీటర్ల దాకా. ఆ పైన డీప్ కోర్సు, 40 దాకా. పదేళ్ళు నిండిన పిల్లలకు కూడా కోర్సులున్నాయి.

అంత దూరం పోయి బెదిరి వెనక్కి రావడం కంటే, ముందు మన మాల్వణ్ దగ్గర తార్కర్లీలోనో, మురుడేశ్వర్ పక్క నేత్రాణీలోనో ఒక్కసారి దిగి చూసుకుంటే మేలు. చెవులు ఓర్చుకుంటాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

డైవింగ్ కేంద్రానికి మాల్టా టూరిజం అథారిటీ లైసెన్సు ఉందా అని చూడండి. వీసా కోసం తీసుకున్న బీమాలో డైవింగ్ ప్రమాదం కలిసి ఉండకపోవచ్చు. ఆ కాగితం చదివించుకుని, లేకపోతే డైవింగ్ బీమా వేరేగా తీసుకోండి. కొద్ది డబ్బుకే దొరుకుతుంది.

నీళ్ళలో ఒంటికి ఏమవుతుంది

ఇది కొంచెం ఓపికగా చదవండి. నాయిన సంగతి దీని మీదే ఆధారపడి ఉంది.

నీళ్ళకు బరువుంది. ప్రతి 10 మీటర్ల లోతుకీ మన మీద ఇంకొక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. మొదట చెవులకు తెలుస్తుంది. ఘాటు రోడ్డు దిగుతుంటే చెవులు మూసుకుపోయినట్టు. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే కొంచెం పైకి రావాలి, మొండిగా దిగకూడదు. జలుబు ఉన్న రోజు అసలు దిగకూడదు.

రెండోది ఊపిరి. 10 మీటర్ల లోతులో రొమ్ము నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలు అవుతుంది. వదులుతూ వస్తే ఏమీ కాదు. బిగబట్టి వస్తే ఎక్కువ గాలి కొట్టిన సైకిల్ ట్యూబు ఏమవుతుందో ఊపిరితిత్తికి అదే అవుతుంది. అందుకే వాళ్ళ మొదటి సూత్రం: నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టొద్దు.

మూడోది రక్తం. లోతులో ఉన్నంతసేపూ మనం పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. గోలీ సోడాలో గ్యాసు లాగా. గబుక్కున పైకి వస్తే సోడా కొట్టినప్పుడు పొంగినట్టు బుడగలు కడతాయి. కీళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి పక్షవాతం. కాబట్టి మెల్లగా రావాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఒకవేళ అలా జరిగితే ఒత్తిడి గదిలో పెట్టి చికిత్స చేస్తారు. మాల్టాలో మాతెర్ దెయ్ ఆసుపత్రిలో ఉంది, గోజో ఆసుపత్రిలోనూ ఉంది. అత్యవసర నంబరు 112.

సైగలు కూడా నేర్పుతారు. ఒకటి జాగ్రత్త: మనం బాగుందని చూపే బొటనవేలు, నీళ్ళలో 'పైకి పోదాం' అని అర్థం. బాగుందనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. నాయిన ఈ సైగలన్నీ ఒక్కసారి చూసి పట్టేశాడు. "మిషన్ల మోతలో ముప్పై ఏండ్లు చేతులతోనే మాట్లాడినం, ఇదేం పెద్ద ఇద్దె" అన్నాడు. మా ఇంటామెకు నేర్పింది కూడా ఆయనే.

నాయిన ఫారం

డైవింగ్‌కు ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. గుండె, ఆయాసం, ఫిట్స్, చెవి జబ్బులు, షుగరు, ఆపరేషన్లు, వేసుకునే మందులు. 45 దాటినవాళ్ళకు సిగరెట్టు, బీపీ లాంటివి అదనం. అన్నిటికీ 'లేదు' అని ఉంటే సంతకం చేసి దిగొచ్చు. ఒక్కటి 'ఉంది' అన్నా డాక్టరు సంతకం తేవాలి.

తమ్ముడు చదువుతుంటే నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు. "అన్నిటికి లేదు అని రాయిపో. దగ్గు ఎవరికుండదు?" తమ్ముడు నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. వాడు రాశాడు.

నాయిన కార్డింగ్ ఖాతాలో 31 ఏళ్ళు చేశాడు. ఇంటికి వస్తే కనుబొమ్మల మీద కూడా పత్తి ఉండేది. సుట్టీ మర్నాడు పనికి పోయిన రోజు రొమ్ము పట్టేసినట్టు ఉండేదని అమ్మతో అనేవాడు. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దుమ్ము దిగిపోతుందని జేబులో పెట్టుకుని పోయేవాడు. మిల్లు మూతపడి ఇన్నేళ్ళయినా రాత్రి లేచి కూర్చుని దగ్గుతాడు. ఇదంతా నాకు తెలుసు. అయినా ఎందుకు నోరు మూసుకున్నానంటే, ఇంత దూరం వచ్చాక ఆయన ముచ్చట తీరాలని. కట్టిన డబ్బులు పోతాయని కూడా.

మర్నాడు పొద్దున సామాను మోసుకుని ఒడ్డు మెట్లు దిగుతుంటే నాయినకు ఆయాసం వచ్చింది. నేర్పే అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో, ఆగి చూసింది. ఏం పని చేసేవారని అడిగింది. తమ్ముడు చెప్పాడు. ఆ అమ్మాయి ఫారం మళ్ళీ తీసి, కోపం లేకుండా, "ఇది నిజమేనా?" అని నన్నే అడిగింది. తల దించుకుని కాదని చెప్పా.

అప్పుడు ఆమె వివరంగా చెప్పింది. దుమ్ముతో గొట్టాలు ఇరుకైపోయిన ఊపిరితిత్తిలో గాలి అక్కడక్కడ చిక్కుపడుతుంది. ఆ మనిషి ఊపిరి వదిలాననుకుంటాడు, ఆ మూల గాలి మాత్రం బయటికి రాదు. పైకి వస్తుంటే అదే ఉబ్బి చిరుగుతుంది. రెండు మూడు మీటర్ల లోతు నుంచి వచ్చినా జరగొచ్చు. "పరీక్ష చేసి డాక్టరు సరే అంటే నేనే తీసుకపోతా. లేకపోతే తీసుకపోను," అంది. ఆయన డబ్బులు ఆయనకు తిరిగి ఇచ్చేశారు.

ఆ రాత్రి నాయిన అన్నం తినలేదు. "పాస్‌పోర్టు కోసం కాళ్ళరిగేటట్టు తిరిగితిమి. ఈడికి వచ్చినంక మిల్లే అడ్డం పడ్డదా?" అన్నాడు. మేము ఏం చెప్తాం?

రెండో రోజు తమ్ముడు మెల్లీహా దగ్గరి ఇసుక తీరానికి తీసుకపోయాడు. అక్కడ చాలా దూరం దాకా నడుం లోతే. నాయిన నిలబడే మాస్క్ పెట్టుకుని ముఖం నీళ్ళలో ముంచాడు. లేపాడు. మళ్ళీ ముంచాడు. అరగంట అయినా బయటికి రాలేదు. చిన్న చిన్న వెండి చేపలు ఆయన కాళ్ళ చుట్టూ తిరిగాయట. దూరం నుంచే మా వైపు చెయ్యెత్తి సున్నా చుట్టి చూపించాడు.

ఎక్కడ దిగాలి

కొత్తవాళ్ళను ఎక్కువగా లోతు తక్కువ ఖాళీల్లోనే దింపుతారు. మేమిద్దరం ఆరేడు మీటర్లే దిగాం. ముదురాకుపచ్చ సముద్రపు గడ్డి గాలికి జొన్నచేను ఊగినట్టు ఊగుతుంటే, దాని మీదుగా పోవడం మరిచిపోలేను. శబ్దం ఏమీ లేదు, మన ఊపిరి చప్పుడు తప్ప.

కోర్సు చేసినవాళ్ళకు చిర్కేవ్వాలో రోజీ అనే టగ్గు పడవ, పీ29 అనే గస్తీ ఓడ ఉన్నాయి. రెండూ కావాలని ముంచినవే. వల్లెట్టా దగ్గర 1942 యుద్ధంలో మునిగిన మావోరీ అనే ఇంగ్లీషు యుద్ధ ఓడ 14 మీటర్ల లోతులోనే ఉంది. గోజోలో ద్వైరా దగ్గర బ్లూ హోల్ అనే రాతి బావి చాలా పేరున్నది. దాని పక్కనే పెద్ద రాతి ద్వారం ఒకటి ఉండేది, 2017 మార్చి 8న గాలివానకు కూలిపోయింది. పాత ఫొటోలు చూసి వెతకకండి.

జెల్లీ చేపలు కుట్టొచ్చు. కుడితే సముద్రపు నీళ్ళతోనే కడగాలి, మంచినీళ్ళు పోస్తే మంట ఎక్కువవుతుంది. రాళ్ళ మీద, మునిగిన ఓడల మీద దేన్నీ ముట్టుకోకండి. పాత వస్తువులు పైకి తేవడం అక్కడ నేరం.

తొమ్మిది మంది ఓడ

తమ్ముడికి డీప్ కోర్సు ఉంది. ఒకరోజు దక్షిణాన వీద్ ఇజ్జుర్రీ అనే చిన్న రేవుకి పోయాం. అక్కడ నీళ్ళ కింద ఉమ్ ఎల్ ఫరూద్ అనే ఓడ ఉంది. లిబియా దేశపు ఆయిల్ ట్యాంకరు, 110 మీటర్ల పొడవు. 1995 ఫిబ్రవరిలో మాల్టా డాక్‌లో మరమ్మతు చేస్తుండగా రాత్రిపూట ట్యాంకులో పేలుడు జరిగి, డాక్‌లో పనిచేసే తొమ్మిది మంది కార్మికులు చనిపోయారు. ఓడ మళ్ళీ పనికి రాలేదు. 1998 సెప్టెంబరులో శుభ్రం చేసి, చేపలకు ఇల్లవుతుంది, డైవర్లు చూస్తారని అక్కడ ముంచారు. 2005లో తుఫానుకు రెండు ముక్కలైంది. డెక్కు 25 మీటర్ల లోతులో, అడుగు 36 మీటర్ల లోతులో ఉంటుంది. కొత్తవాళ్ళు పోయే చోటు కాదు.

తమ్ముడు ముప్పావు గంటలో తిరిగి వచ్చాడు. అక్కడ ఆ తొమ్మిది మంది గుర్తుగా ఒక ఫలకం పెట్టారని, తాను దాని ముందు కాసేపు ఆగానని చెప్పాడు.

నాయిన బండ మీద కూర్చుని విన్నాడు. చాలాసేపటికి అన్నాడు: "ఆళ్ళు ఒక్క రాత్రిల పోయిన్రు. మా ఖాతా వాళ్ళు మెల్లమెల్లగ పోయిన్రు. మెల్లగ పోయినోళ్ళకు ఎవరు రాయి పెడ్తరు?"

ఆ మాట తర్వాత ఆయనే తమ్ముడితో, "ఆ పిల్ల మంచి పని చేసింది లేరా," అన్నాడు.

చివరి రోజు విమానం ఉంటే డైవింగ్ వద్దు

ఒక్కసారే దిగితే 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. పైన గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఒంట్లోని నత్రజని అక్కడా బుడగలు కట్టొచ్చు. తిరుగు టికెట్టు తీసుకునేటప్పుడే ఒక పూర్తి రోజు ఖాళీగా పెట్టుకోండి. ఆ రోజు వల్లెట్టా చూడొచ్చు. అక్కడి పెద్ద చర్చిలో 1608లో కారవాజియో వేసిన పెద్ద చిత్రం ఉంది. ఎగువ బర్రాక్కా తోట నుంచి ఓడరేవు అంతా కనిపిస్తుంది. అవతలి ఒడ్డున ఓడలు బాగుచేసే డాక్‌లు, క్రేన్లు.

సరిగ్గా పన్నెండు గంటలకు ఆ తోట కింద కోటలో ఫిరంగి పేలుస్తారు. మేమందరం ఉలిక్కిపడ్డాం. నాయిన మాత్రం కదలకుండా, "భోంగా అయింది, డబ్బా ఇప్పుండ్రి," అన్నాడు. అక్కడే బెంచీ మీద కూర్చుని మిగిలిన భాకరి తిన్నాం.

తిరిగి వచ్చాక

వచ్చిన వారానికే నాయినను ఆసుపత్రికి తీసుకపోయాం. గొట్టంలోకి ఊదించే ఊపిరి పరీక్ష, ఎక్స్‌రే చేశారు. పాత పత్తి దుమ్ము పని అన్నాడు డాక్టరు. పీల్చే మందు రాసిచ్చాడు. ఇన్నేళ్ళు "వయసు దగ్గులే" అనుకున్నది వయసు దగ్గు కాదు. ఇప్పుడు రాత్రి నిద్ర పోతున్నాడు. డైవింగ్ మాత్రం లేదని డాక్టరు కూడా చెప్పాడు.

పత్తి దుమ్ముతో వచ్చే ఈ జబ్బు పేరు బిసినోసిస్. మన చట్టంలో పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో దాని పేరుంది. మన ఇళ్ళల్లో కార్డింగ్, బ్లో రూమ్, స్పిన్నింగ్ ఖాతాల్లో చేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. డాక్టరు దగ్గరికి పోతే "దగ్గు ఉంది" అని మాత్రమే చెప్పకండి. ఏ ఖాతాలో, ఎన్నేళ్ళు చేశారో కూడా చెప్పండి. ఊపిరి పరీక్ష అడిగి చేయించుకోండి.

మాల్టా పోగలిగినవాళ్ళు తప్పకుండా పోండి. పేర్లు సరిచూసుకోండి, బీమా చదివించుకోండి, చివరి రోజు ఖాళీ పెట్టుకోండి. ఫారం మీద ఉన్నది ఉన్నట్టు రాయండి. మా ఇంట్లో ఆ ఫారం ఇప్పుడు నాయిన మందుల డబ్బాలో ఉంది. తప్పు రాసిన చోట ఆయనే పెన్నుతో కొట్టేసి, కింద తెలుగులో 'ఉంది' అని రాసుకున్నాడు.